సంతకానికి ముందు గంటలు: ఒక ట్రాన్స్‌ఫార్మర్ రవాణా, స్థాపన సేవపై సమీక్ష

మా కర్మాగారంలో విద్యుత్ విభాగం నా బాధ్యతలో ఉంది. ఇటీవల 33/11 కేవీ, 16 ఎంవీఏ సామర్థ్యం గల ఒక పవర్ ట్రాన్స్‌ఫార్మరునూ, దానికి జోడుగా ఆరు 11 కేవీ స్విచ్‌గేర్ ప్యానెళ్లనూ (విద్యుత్తును కలిపే, తెంచే పరికరాల పెట్టెలు) ఓడ మీద తెప్పించుకున్నాము. రేవులో సరుకు అందుకోవడం మొదలుకొని, రోడ్డు మీద తరలించి, పునాది మీద నిలబెట్టి, విడిభాగాలు బిగించి, నూనె నింపి, పరీక్షలు ముగించి, కరెంటు ఎక్కించే వరకూ మొత్తం పనిని తయారీదారుతో సంబంధం లేని ఒకే సంస్థకు గుత్తకు ఇచ్చాము. ఆ సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. ఇలాంటి పని అప్పగించబోయేవారికి పేరు కన్నా పని జరిగిన తీరే ఎక్కువ అక్కరకు వస్తుంది. బరువులు ఎత్తడంలో, దించడంలో వీరికి వంక పెట్టడానికి లేదు. వచ్చిన సరుకు దారిలో దెబ్బ తిన్నదో లేదో చూడడంలో మాత్రం వీరి తొందర మమ్మల్ని చాలా ఇబ్బంది పెట్టింది.

ట్రైలర్ తెల్లవారుజామున వచ్చింది. ఇంజను చల్లారకముందే సంస్థ సూపర్‌వైజర్ డెలివరీ చలానా తెచ్చి, సరుకు మంచి స్థితిలో అందిందన్న అచ్చు వాక్యం కింద సంతకం పెట్టమన్నారు. క్రేన్ గంటల లెక్కన వచ్చిందనీ, ఆలస్యమైతే బాడుగ పెరుగుతుందనీ ఆయన తొందర. "సంతకం చేసేయండి సార్, చూసుకోవడం తీరిగ్గా చూసుకోవచ్చు" అన్నారు. ఆయన దురుద్దేశంతో అన్నారని నేను అనుకోను. రోజూ అలాగే జరుగుతుంది కాబట్టి అలా అన్నారు. కానీ దించిన తరువాత కనబడిన దెబ్బ ఓడలో తగిలిందా, రోడ్డు మీద తగిలిందా, మన ఆవరణలోనే క్రేన్ కింద తగిలిందా అని తేల్చడం ఎవరి తరమూ కాదు. అందుకే యంత్రం ట్రైలర్ మీద ఉండగానే నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీయించాను. కట్టిన గొలుసులు వదులైన చోటునూ, ట్యాంకు అడుగున వేసిన చెక్క దిమ్మెలు ఒక పక్కకు జరిగిన తీరునూ, రంగు గీసుకుపోయిన మూలనూ దగ్గరగా విడిగా తీయించాను.

తరువాత చూడవలసింది ఇంపాక్ట్ రికార్డరు. అది ట్యాంకు గోడకే బోల్టులతో బిగించి ఉంది. ఇది చిన్న విషయంలా కనిపించినా, కొందరు దాన్ని ట్రైలర్ బల్లకు బిగిస్తారు. అప్పుడు అది ట్రైలర్ కథ చెబుతుందే తప్ప ట్రాన్స్‌ఫార్మర్ కథ చెప్పదు. ముందు వెనుకలకూ, పక్కలకూ, నిలువుకూ మూడు దిశల్లో తగిలిన కుదుపులను అది తేదీ, సమయంతో సహా నమోదు చేస్తుంది. మా యంత్రానికి తయారీదారు పెట్టిన హద్దు 3 జీ, అంటే భూమ్యాకర్షణ త్వరణానికి మూడు రెట్లు. రికార్డరులో నిలువు దిశలో ఒకే ఒక్కచోట 4.2 జీ కనిపించింది. ఆ సమయాన్ని ట్రైలర్ ప్రయాణ పట్టికతో పోల్చి చూస్తే, అది రేవు దాటిన రెండో రాత్రి రోడ్డు మీద తగిలిన దెబ్బ అని తేలింది. ఓడ పాత్ర లేదని ఆ ఒక్క గీత తేల్చేసింది. సూపర్‌వైజర్ దాన్ని మామూలు స్పీడ్ బ్రేకర్ కుదుపుగా కొట్టిపారేశారు. శిఖరం ఎంత ఎత్తున ఉందన్నదొక్కటే కాక, కుదుపు ఎన్ని మిల్లీసెకన్లు నిలిచిందన్నది కూడా చూడాలి. సుత్తితో తట్టినా రికార్డరు పెద్ద అంకె చూపుతుంది గానీ దాని వల్ల లోపలి వైండింగు (తీగచుట్ట) కదలదు. మా రికార్డులో గీత సన్నని ముల్లులా కాక, కింది భాగం వెడల్పుగా గుట్టలా ఉంది. అలాంటిదాన్ని వదిలిపెట్టకూడదు.

ట్రాన్స్‌ఫార్మరు నూనె లేకుండా, పొడి నైట్రోజన్ నింపి వచ్చింది. లోపల బయటి గాలి కన్నా కొంచెం ఎక్కువ పీడనం ఉంటే తేమ చొరబడదన్నది ఇందులో కిటుకు. బయలుదేరినప్పుడు 30 డిగ్రీల వేడిలో 0.20 బార్ ఉన్న గేజి, మా దగ్గర తెల్లవారుజామున 15 డిగ్రీల చలిలో 0.14 చూపింది. మా కుర్ర ఇంజనీరు లీకేజీ అని కంగారు పడ్డాడు. ఇక్కడ సంస్థ పంపిన టెక్నీషియను నన్ను మెప్పించారు. ఆయన జేబులోంచి చిన్న కాగితం తీసి, గేజి అంకెకు వాతావరణ పీడనాన్ని కలిపి, ఉష్ణోగ్రతలను కెల్విన్‌లోకి మార్చి, 1.21ని 288తో హెచ్చించి 303తో భాగించి చూపించారు. మూసిన పాత్రలో వాయువు చల్లబడితే పీడనం అంతే తగ్గాలి. లెక్కకు అంకె సరిపోయింది. గేజి సున్నా చూపి ఉంటే కథ వేరుగా ఉండేది. అప్పుడు లోపలి వాయువు డ్యూ పాయింట్ (అందులోని తేమ నీటి బిందువులయ్యే ఉష్ణోగ్రత) కొలిచి, కాగితపు ఇన్సులేషన్ ఎంత తేమ పీల్చుకుందో అంచనా వేయకుండా ముందుకు పోకూడదు. ఆ పని ఆయన గేజి బాగున్నా చేసి చూపించారు.

చలానా మీద చివరకు సంతకం చేశాను గానీ, 'తనిఖీకి లోబడి' వంటి గుండుగుత్త మాటతో కాదు. నిలువు దిశలో 4.2 జీ నమోదైందనీ, మూడో ప్యానెల్ పెట్టె మీది వాలు సూచిక ఎర్రబడిందనీ, ఆ పెట్టె కింది దుంగ విరిగిందనీ పేర్కొని, సమయం వేసి, డ్రైవరు చేత కూడా సంతకం పెట్టించాను. దీనికి సూపర్‌వైజర్ ముఖం చిన్నబుచ్చుకున్నారు. కానీ రవాణా చట్టాలు ఈ విషయంలో చాలా కచ్చితంగా ఉంటాయి. సముద్ర రవాణాకు వర్తించే హేగ్-విస్బీ నియమాల కింద పైకి కనిపించే దెబ్బను సరుకు అందుకునేటప్పుడే రాతపూర్వకంగా తెలపాలి, కనబడని దెబ్బకు 3 రోజులు మాత్రమే గడువు. ఐరోపా దేశాల మధ్య రోడ్డు రవాణాకు వర్తించే 1956 నాటి సీఎంఆర్ ఒప్పందం ఆ గడువును ఆదివారాలు, సెలవులు పోను 7 రోజులుగా పెట్టింది. విమానంలో వచ్చిన సరుకుకు 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం 14 రోజులు ఇస్తుంది. ఓడలోనో రోడ్డు మీదనో వచ్చిన సరుకుకు గడువు దాటిన తరువాత, అది బాగానే అందిందన్న ఊహ నుంచి మొదలుపెట్టి తప్పును నిరూపించుకోవలసిన భారం మన మీద పడుతుంది; విమాన సరుకుకైతే, రవాణాదారు మోసం ఉంటే తప్ప, దావా వేసే హక్కే పోతుంది. పైగా సరుకు బీమా నిబంధనల్లో ప్యాకింగ్ సరిపడినంత బలంగా లేకపోతే పరిహారం ఇవ్వనక్కరలేదన్న మినహాయింపు సాధారణంగా ఉంటుంది. అందుకే విరిగిన దుంగనూ, చిరిగిన ప్లాస్టిక్ కప్పునూ సర్వేయరు వచ్చి చూసేదాకా పారేయవద్దని పట్టుబట్టాను. చెత్త పేరుకుపోతోందని ఖలాసీలు రెండు రోజులు గొణిగారు.

ఇక దించడం గురించి. ఈ భాగం నిజంగా చూడముచ్చటగా జరిగింది, చెప్పకపోతే అన్యాయమవుతుంది. నూనె లేకుండానే యంత్రం బరువు 22 టన్నులు. వీరి రిగ్గర్ల పెద్ద మేస్త్రీ ముందు పేరు పలక చదివి, గురుత్వ కేంద్రం గుర్తు ఎక్కడ వేశారో వెతికి, అది ట్యాంకు నడిమికి కాక ట్యాప్ చేంజర్ (వోల్టేజీ సర్దే భాగం) వైపు కొంచెం జరిగి ఉండడం గమనించి, అటువైపు స్లింగులను (ఎత్తే తాళ్లను) కురచ చేయించారు. నాలుగు తాళ్లు కట్టినా బరువంతా రెండే మోస్తున్నాయనుకొని లెక్క కట్టడం ఆయన పద్ధతి. గట్టి వస్తువును ఎత్తేటప్పుడు నాలుగూ సమానంగా బిగుసుకోవు కనుక అది సబబే. స్లింగు భూసమాంతరానికి 60 డిగ్రీల కోణంలో ఉంటే ఆ రెండింటిలో ఒక్కొక్కదాని మీద 12.7 టన్నులు పడతాయి. కొక్కెం కిందికి దింపి తాళ్లను చదునుగా పరిచి, కోణం 30 డిగ్రీలకు తగ్గిస్తే ఒక్కొక్కటీ పూర్తి 22 టన్నులు మోయాలి, పైగా ట్యాంకు గోడలను లోపలికి నొక్కేస్తుంది. షెడ్డు కప్పు ఎత్తు చాలదని మా సివిల్ విభాగం తాళ్లు కురచ చేయమన్నప్పుడు, మేస్త్రీ ఒప్పుకోక, తాళ్లను ఎడంగా పట్టి ఉంచే స్ప్రెడర్ బీము తెప్పించారు. అందుకు సగం పూట పోయింది. ఆ సగం పూటకు నాకు ఏ అభ్యంతరమూ లేదు.

మొదట నేల నుంచి రెండంగుళాలు మాత్రమే ఎత్తి, అయిదు నిమిషాలు గాలిలో ఆపి, ప్రతి షాకిల్ (తాడును తగిలించే ఇనుప కొక్కెం) పిన్నునూ తానే చేత్తో తడిమి చూసి, ఆ తరువాతే పైకి సైగ చేశారు. సైగ చేసే మనిషి ఒక్కడే ఉండాలన్న నియమాన్ని కూడా కచ్చితంగా పాటించారు. మా మేనేజరు ఉత్సాహం కొద్దీ చెయ్యి ఊపితే, మర్యాదగానే అయినా స్పష్టంగా పక్కకు పొమ్మన్నారు. పట్టాల మీద జరిపేటప్పుడు జాకీలను ట్యాంకు మూలమూలలకు ఎదురెదురుగా కాక, ఒకే చివర రెండింటినీ కలిపి లేపారు. కర్ణం మీదుగా లేపితే ట్యాంకు మెలితిరుగుతుంది. జాకీ లేచిన కొద్దీ కింద చెక్క దిమ్మెలు పేరుస్తూ పోయారు, ఒక జాకీ జారినా యంత్రం అంగుళం కన్నా పడకుండా. రసమట్టం పెట్టి చూస్తే పునాది మీది పట్టాలు ఒక చివర కాస్త ఎత్తుగా ఉన్నాయి. ఉక్కు పలకలు పెట్టి సరిచేశారు.

రికార్డరు చూపిన దెబ్బ సంగతి ఇప్పుడు చెబుతాను. ట్రాన్స్‌ఫార్మరు కోర్ (లోపలి ఇనుప రేకుల దిమ్మె) నుంచి భూమికి వేసే లింకు మూత మీద చిన్న బుషింగు (ఇన్సులేషన్ గొట్టం) గుండా బయటకు వస్తుంది. దాన్ని విప్పి మెగ్గరు (ఇన్సులేషన్ నిరోధం కొలిచే మీటరు) పెడితే, కోర్‌కూ బిగింపు ఫ్రేముకూ మధ్య కర్మాగారం పరీక్షల్లో వేల మెగాఓములు ఉన్న నిరోధం దాదాపు సున్నాకు పడిపోయింది. మెగ్గరు తీగలు తప్పుగా కలిపారేమోనని సంస్థ ఇంజనీరు రెండుసార్లు మార్చి చూశారు, ముల్లు కదలలేదు. వైండింగులు కదిలాయేమో తెలుసుకోవడానికి చేసే స్వీప్ ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్ పరీక్ష గీతలు మాత్రం తయారీదారు ఇచ్చిన గీతలతో సరిగ్గా కలిసిపోయాయి. ఈ పరీక్షకు విలువంతా ఆ పాత గీతల్లోనే ఉంది. వాటిని తయారీదారు నుంచి ముందుగా తెప్పించుకోనివారికి గీతలు దక్కుతాయి గానీ పోల్చుకోవడానికి ఏమీ ఉండదు. ట్యాంకు తెరవాలని నిర్ణయించాము. నైట్రోజన్ నిండిన ట్యాంకులోకి మనిషి అలాగే దిగితే రెండు మూడు శ్వాసల్లో స్పృహ తప్పుతుంది, అందుకే పొడి గాలి పంపి ఆక్సిజన్ 19.5 శాతానికి పైన ఉందని మీటరుతో చూసిన తరువాతే తయారీదారు టెక్నీషియనును లోపలికి దించారు. ఈ విషయంలో సంస్థ పనివారు ఒక్క మెట్టు కూడా దాటవేయలేదు. పై యోకు (కోర్ పై అడ్డ భాగం) దగ్గర ఇన్సులేషన్ పలక ఒకటి పక్కకు జారి, బిగింపు బోల్టు కోర్ అంచును తాకుతోందని తేలింది. దాన్ని సర్ది బిగించడానికి పట్టిన సమయం గంటన్నర. దాన్ని కనిపెట్టకుండా కరెంటు ఎక్కించి ఉంటే, కోర్‌లో దారి తప్పిన ప్రవాహం తిరుగుతూ నెలల తరబడి నూనెలో వాయువులు పుట్టించేది.

ప్యానెళ్ల దగ్గర వీరి పని తీరు తేలిపోయింది. మూడో ప్యానెల్ పెట్టె దారిలో ఒరిగిందని వాలు సూచిక చెబుతున్నా, పెట్టె తెరిచిన ఫిట్టరు తలుపు తీసి ఒకసారి చూసి 'బాగుంది' అని రాసేశాడు. తలుపు పై సందు కింది సందు కన్నా వేలెడు ఎక్కువగా ఉన్నా అతని కంటికి ఆనలేదు. నేను టార్చిలైటును బస్‌బార్ల (కరెంటు మోసే లోహపు పట్టీల) వెనుకకు, గోడకు సమాంతరంగా పడుకోబెట్టి వేయించాను. నేరుగా వేసిన వెలుగులో నున్నగా కనబడిన ఎపాక్సీ ఆధార ఇన్సులేటరు మీద, పక్కనుంచి వేసిన వెలుగులో వెంట్రుక వాసి బీట ఒకటి మెరిసింది, మొదట బూజేమో అనుకున్నాను. గుడ్డతో తుడిచినా పోలేదు. అది అలాగే ఉండిపోతే వర్షాకాలపు తేమలో ఆ బీట వెంట ఉపరితల విసర్గం (పైపొర మీదుగా కరెంటు కారడం) మొదలై, కాలక్రమంలో షార్టు సర్క్యూట్ దాకా పోయేది. ఫ్రేము కూడా కొద్దిగా వంకర పోయింది. ప్యానెళ్లను ఒకదాని పక్కన ఒకటి పేర్చినప్పుడు బోల్టు రంధ్రాలు కలవకపోతే, ఫిట్టరు ఇనుప కమ్మీ దూర్చి బలవంతంగా లాగబోయాడు. ఆపి, కింద ఉక్కు పలకలు సర్దించాను. చల్లని లారీ నుంచి తెచ్చిన ప్యానెళ్లను వెచ్చని గదిలో వెంటనే విప్పవద్దని ఎంత చెప్పినా వినక, మొదటిదాన్ని విప్పేసరికి లోపలి రాగి మీద మంచు బిందువులు కనిపించాయి. దాన్ని హీటరు పెట్టి ఆరబెట్టుకోవలసి వచ్చింది.

విడిభాగాల బిగింపులో మెచ్చుకోదగినవి కూడా ఉన్నాయి. ట్యాంకులో వాయువు పుడితే హెచ్చరించే బుకోల్జ్ రిలేలోని తేలియాడే గుండ్లను ప్రయాణంలో కదలకుండా కట్టిన బందును తీయడం చాలామంది మరిచిపోతారు. తీయకపోతే రిలే ఉండీ లేనట్టే. వీరి టెక్నీషియను దాన్ని తీసి, నా చేతిలో పెట్టి, పుస్తకంలో సంతకం పెట్టించుకున్నారు. రిలేకు పోయే పైపు కన్సర్వేటర్ (పైన ఉండే నూనె తొట్టి) వైపు కొంచెం ఎత్తుగా ఉండాలి, వాయువు దారిలో చిక్కుకోకుండా. కోణం కొలిచి చూపించారు. ఉష్ణోగ్రత సూచికకు పోయే సన్నని క్యాపిలరీ గొట్టాన్ని మాత్రం రేడియేటరు బిగించేటప్పుడు ఎవరో తొక్కి, ఒకచోట నొక్కు పెట్టారు. కంటికి కొద్దిగా వంగినట్టే ఉంటుంది, కాని మధ్యలో మూసుకుపోతే ముల్లు కదలదు. వేడి నీళ్ల గిన్నెలో బల్బు ముంచి చూస్తే ముల్లు లేవలేదు, కొత్తది తెప్పించుకోవలసి వచ్చింది. పింగాణీ బుషింగులను పెట్టెలోంచి తీసి నాణెంతో మెల్లగా తట్టి విన్నాము. అన్నీ గంటలా మోగాయి, ఒక దానికి మాత్రం అంచున గ్లేజు గోరంత ఊడింది.

నూనెను వాక్యూములో నింపి, ట్రాన్స్‌ఫార్మరు నిలకడగా ఉన్న తరువాత తీసిన నమూనాలను 2.5 మిల్లీమీటర్ల సందులో, నూనె తట్టుకోలేక మెరుపు దూకేదాకా వోల్టేజీ పెంచుతూ ఆరుసార్లు పరీక్షించి సగటు తీశారు. 68 కేవీ వచ్చింది. టర్న్స్ నిష్పత్తి, వైండింగ్ నిరోధం, మెగ్గరు పఠనాలు వేటిలోనూ తేడా రాలేదు.

ఈ సంస్థతో నాకున్న అసలు ఫిర్యాదు బస్‌బారు బోల్టుల దగ్గర వచ్చింది. బిగించిన ప్రతి బోల్టు తల మీద పెయింటు గీత గీయడం ఆనవాయితీ. బోల్టు, పలక రెండింటి మీదుగా గీత పోతుంది, తరువాత ఎప్పుడైనా వదులైతే గీత విడిపోతుంది. నాలుగో ప్యానెల్‌లో గీతలన్నీ నీటుగా ఉన్నాయి. టార్కు రెంచి తెప్పించి నేనే వేసి చూశాను. మూడో బోల్టు తయారీదారు చెప్పిన టార్కుకు చేరకముందే దాదాపు పావు చుట్టు తిరిగింది, పెయింటు గీత పగిలి రెండుగా వేరైంది. అంటే బిగించకముందే గీతలు గీసేశారు! మైక్రో ఓమ్ మీటరుతో 100 ఆంపియర్లు పంపి కొలిస్తే ఆ కీలు నిరోధం పక్క ఫేజుల కన్నా మూడు రెట్లు ఎక్కువ. ఆరు ప్యానెళ్లనూ మళ్లీ మొదటి నుంచి బిగించమన్నాను. వారు వాదించలేదు, క్షమాపణ కూడా చెప్పలేదు. రాత్రంతా కూర్చుని బిగించి, తెల్లారేసరికి ప్రతి కీలు నిరోధంతో కూడిన పట్టిక బల్ల మీద పెట్టారు.

బరువైన యంత్రం దించి, నిలబెట్టే పని వరకూ వీరిని నేను మళ్లీ పిలుస్తాను, అదే మేస్త్రీ వస్తే. డెలివరీ తనిఖీకీ, ప్యానెళ్ల బిగింపుకూ మాత్రం మా తరఫు మనిషి ప్రతి క్షణం పక్కన ఉండాలని ఒప్పందంలోనే రాసుకుంటాను. తనిఖీ చేసిన గంటలకు క్రేన్ బాడుగ ఎవరు భరించాలో కూడా ముందే తేల్చుకుంటాను, ఎందుకంటే వీరు మొదట ఆ గంటలన్నిటికీ మా మీద బిల్లు వేశారు. చలానా వెనుక డ్రైవరు సంతకంతో ఉన్న నా రాత నకలు పంపాక ఆ బిల్లును వెనక్కి తీసుకున్నారు. బీట వారిన ఇన్సులేటరు స్థానంలో కొత్తది వచ్చింది. మూడో ప్యానెల్ ఫ్రేము విషయం సర్వేయరు నివేదిక కోసం ఇంకా ఆగి ఉంది, విరిగిన దుంగ మా షెడ్డు మూలన ఇప్పటికీ అలాగే ఉంది.